పక్కన ఉన్నంత మాత్రాన

వెబ్ పేజీలో ఒక బటన్ నొక్కితే దాని కిందున్న పెట్టె తెరుచుకోవాలి, లేదా పక్కనున్న వరుస రంగు మారాలి. ఫ్రంటెండ్ పని నేర్చుకునేవాళ్లు తొలి రోజుల్లోనే చేసే అభ్యాసం ఇది. అయినా ఆ పక్క పెట్టెను ఎలా వెతకాలి, దొరికాక దాని రూపాన్ని ఎవరు మార్చాలి అన్న రెండు ప్రశ్నల దగ్గర పనివాళ్లు రెండు దారులు పడతారు. ఒక దారిలో స్క్రిప్టు నొక్కిన చోటు నుంచి పక్కకు జరిగి, దొరికినదానికి తానే రంగు వేస్తుంది. రెండో దారిలో స్క్రిప్టు ‘ఇది తెరిచి ఉంది’ అన్న మాట ఒకచోట రాసి ఊరుకుంటుంది, రూపం సంగతి స్టైల్‌షీట్ చూసుకుంటుంది. నేను రెండో దారి మనిషిని. అయితే మొదటి దారికీ గట్టి బలమే ఉంది. అందుకే దాన్ని ఒక తమ్ముడి నోట, నా పక్షాన్ని ఒక అక్క నోట పెడుతున్నాను. ఇద్దరిదీ ఇదే వృత్తి. ముందున్న నమూనా కూడా ఒక్కటే: పది ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న ఒక బటన్, బటన్ కిందే మూసి ఉన్న జవాబు పెట్టె.

తమ్ముడు: అక్కా, ఇందులో ఇంత తర్కానికి చోటెక్కడుంది? బటన్ ఉంది, దాని వెంటనే జవాబు ఉంది. నొక్కిన బటన్‌ని అడిగితే ‘నెక్స్ట్ ఎలిమెంట్ సిబ్లింగ్’ అనే గుణం తర్వాతి పెట్టెను తెచ్చి చేతిలో పెడుతుంది. దాని డిస్‌ప్లేని ‘బ్లాక్’ చేస్తే తెరుచుకుంటుంది, ‘నన్’ చేస్తే మూసుకుంటుంది. పది ప్రశ్నలకు పది ఐడీలు పెట్టే పని లేదు, వాటికి పేర్లు వెతుక్కునే పని లేదు. 2006లో జాన్ రెసిగ్ జేక్వెరీని విడుదల చేస్తే లోకం దాన్ని ఎందుకంతగా ఎత్తుకుంది? నెక్స్ట్, ప్రివ్, సిబ్లింగ్స్ లాంటి చిన్న చిన్న మాటలతో పేజీ చెట్టంతా తిరగనిచ్చింది కాబట్టి. ‘నొక్కినదానికి ఈ క్లాస్ పెట్టు, దాని తోబుట్టువులందరి దగ్గర్నుంచీ తీసెయ్’ అన్నది ఒకే గొలుసుగా రాసుకోవచ్చు. ట్యాబులు, మెనూలు, ఫోటో గ్యాలరీలు ఏళ్ల తరబడి ఆ గొలుసు మీదే నడిచాయి. చదివేవాడికీ అంతా ఒకేచోట దొరుకుతుంది: ఏది నొక్కాలి, ఏది మారుతుంది, ఎలా మారుతుంది. నువ్వు చెప్పే పద్ధతిలో సగం కథ ఒక ఫైల్లో, మిగతా సగం ఇంకో ఫైల్లో ఉంటుంది.

అక్క: అంతా ఒకేచోట ఉండటం మంచి గుణమే, కాదనను. కానీ నువ్వు రాసిన ఆ వాక్యంలో పైకి కనిపించనిది ఒకటుంది. జవాబు ఎప్పటికీ బటన్ వెనకే ఉంటుందన్న నమ్మకం. ఆ నమ్మకం ఎంత పలచనిదో నువ్వు వాడుతున్న గుణం పుట్టుకే చెబుతుంది. 1998 అక్టోబరులో డామ్ మొదటి స్థాయి ప్రమాణం వచ్చినప్పుడు ముందుకు జరగడానికి ‘నెక్స్ట్ సిబ్లింగ్’ మాత్రమే ఉండేది. అడిగితే అది తర్వాతి నోడ్‌ని ఇస్తుంది. ఆ నోడ్ ట్యాగే కానక్కర్లేదు. బటన్ ట్యాగ్ ముగించి, కంటికి ఇంపుగా ఉండాలని ఎంటర్ కొట్టి, కింది వరుసలో నాలుగు స్పేసులు వదిలి జవాబు పెట్టె మొదలుపెడతాం కదా. ఆ ఎంటరూ ఆ నాలుగు స్పేసులూ కలిసి ఒక టెక్స్ట్ నోడ్ అవుతాయి. పక్కింటి తలుపు అనుకుని రెండిళ్ల మధ్య సందులో చెయ్యి పెట్టినట్టన్నమాట. టెక్స్ట్ నోడ్‌కి స్టైల్ అనే గుణమే లేదు. దానికి రంగు వేయబోతే స్క్రిప్టు అక్కడికక్కడే ఆగిపోతుంది, కన్సోల్‌లో ఎర్ర వరుస పడుతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అయితే ఎనిమిదో వెర్షన్ దాకా ఇలాంటి ఖాళీ నోడ్లను అసలు తయారుచేసేదే కాదు. దాంతో ఒకే పేజీ అక్కడ నడిచేది, ఫైర్‌ఫాక్స్‌లో పడిపోయేది. ఖాళీలను దాటి నేరుగా ట్యాగ్‌ని చేరే దారి ప్రమాణంలోకి వచ్చింది 2008 డిసెంబరులో, ‘ఎలిమెంట్ ట్రావర్సల్’తో. పదేళ్లు పట్టింది. ఎంటర్ కొట్టినంత మాత్రాన తెగిపోయే బంధాన్ని నమ్ముకుని కోడ్ రాయడం ఏం న్యాయం, తమ్ముడూ?

తమ్ముడు: అది ఎప్పుడో తీరిపోయిన తగువు. నేను వాడేది ట్యాగుల్ని చూసే గుణం, ఖాళీల్ని చూసేది కాదు. ఇప్పుడున్న ఏ బ్రౌజరైనా ఆ సందును దాటేస్తుంది. పాత రోగానికి ఇప్పుడు మందు దేనికి?

అక్క: ఖాళీల తగువు తీరింది. చోటు తగువు తీరలేదు. పేజీ రాసినవాడు ఒకడు, రేపు దాంట్లో మాట చేర్చేవాడు ఇంకొకడు. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ‘సవరించిన తేదీ’ అని ఒక చిన్న పేరా పెడితే చాలు, బటన్ నొక్కినప్పుడల్లా తేదీ మాయమై తిరిగి వస్తుంది, జవాబు మాత్రం మూసుకునే ఉంటుంది. కన్సోల్‌లో ఎర్ర వరుస కూడా పడదు. ఏదో ఒక పెట్టె దొరికింది, దాని రూపం మారింది, స్క్రిప్టు లెక్కలో పని అయిపోయినట్టే. పాత టెక్స్ట్ నోడ్ తప్పు కనీసం అరిచి చెప్పేది, ఇది నోరెత్తదు. వర్డ్‌ప్రెస్ లాంటివి రాసిన వచనం చుట్టూ పేరా ట్యాగుల్ని వాటంతట అవే చేరుస్తాయి. ప్రకటనల స్క్రిప్టులు మధ్యలో తమ పెట్టెల్ని ఇరికిస్తాయి. నువ్వు పెట్టని పెట్టె నీ పేజీలోకి రాదని ఎవరు హామీ ఇస్తారు?

తెలుగు చదివేవాడి వైపు నుంచి ఇంకొకటి చూడు. ఇంగ్లిష్‌లో ఉన్న సహాయం పేజీని ఒకతను క్రోమ్‌లో తెలుగులోకి మార్చుకున్నాడనుకో. బ్రౌజర్ అనువాదం చేసిన ప్రతి మాటల ముక్కనూ ఒకదాంట్లో ఒకటిగా రెండు ‘ఫాంట్’ ట్యాగుల్లో చుడుతుంది. ఇక వేలు పడేది బటన్ లోపలి ఆ ఫాంట్ ట్యాగ్ మీద. స్క్రిప్టు ‘ఈవెంట్ టార్గెట్’ని పట్టుకుని పక్కకు జరగబోతే ఆ ట్యాగ్‌కి పక్కన ఎవరూ ఉండరు, ‘నల్’ చేతికొస్తుంది. ఇంగ్లిష్‌లో చదివినవాడికి తెరుచుకున్న జవాబు తెలుగులో చదువుదామనుకున్నవాడికి తెరుచుకోదు. ఈ ఒక్క సంగతి చాలదా మనలాంటివాళ్లం జాగ్రత్తపడటానికి?

తమ్ముడు: అక్కడ టార్గెట్ బదులు ‘కరెంట్ టార్గెట్’ రాస్తే సరిపోతుంది కదా. క్లిక్ వినేది బటన్ కాబట్టి బటనే చేతికొస్తుంది, లోపల ఎన్ని ఫాంట్ ట్యాగులున్నా బాధ లేదు.

అక్క: ప్రతి బటన్‌కీ విడివిడిగా శ్రోతను పెడితే నువ్వన్నది నిజమే. కానీ పది ప్రశ్నలు రేపు రెండొందలైతే, పైగా కొన్ని పేజీ తెరిచాక సర్వర్ నుంచి వస్తుంటే, అందరికీ పెద్దైన జాబితా మీద ఒక్క శ్రోతనే పెడతాం. కింద ఎక్కడ నొక్కినా క్లిక్ పైకి పాకుతూ వస్తుంది కాబట్టి అదే వింటుంది. అప్పుడు కరెంట్ టార్గెట్ అంటే జాబితా మొత్తం. మరి నొక్కిన ప్రశ్న ఏది? అందుకు ‘క్లోజెస్ట్’ ఉంది: నొక్కిన చోటు నుంచి పైకి ఎక్కుతూ, ప్రశ్ననూ జవాబునూ కలిపి ఉంచిన పెద్ద పెట్టె దొరికేదాకా వెళ్తుంది. అక్కడి నుంచి కిందికి దిగి ‘క్వెరీ సెలెక్టర్’తో జవాబును పేరు పెట్టి పిలువు. మధ్యలో తేదీ రానీ, ప్రకటన రానీ, అనువాదం రానీ, జవాబు దొరుకుతుంది. డామ్‌లో సిబ్లింగ్ అన్న మాటకు అర్థమే అది కదా. మనిద్దరం తోబుట్టువులమైంది పక్కపక్కన కూర్చున్నందుకా? ఒక అమ్మకు పుట్టినందుకు. రేపు నువ్వు ఇంకో ఊళ్లో కాపురం పెట్టినా ఆ చుట్టరికం పోదు. నువ్వు రాసిన స్క్రిప్టు మాత్రం నన్ను గుర్తుపట్టాలంటే నేను నీ పక్క కుర్చీలోంచి లేవకూడదు.

తమ్ముడు: సరే, వెతకడం వరకు ఒప్పుకుంటున్నాను. అమ్మ ద్వారానే వెళ్దాం. కానీ జవాబు చేతికి దొరికాక దాని డిస్‌ప్లేని అక్కడే మార్చడానికి ఏం అడ్డు? తలుపు దాకా వెళ్లినవాడు తోసుకుని లోపలికి పోవచ్చు కదా. క్లాస్ పేరు మార్చి, స్టైల్‌షీట్ దాన్ని చూసి, అప్పుడు పెట్టె తెరుచుకోవడం చుట్టుదారి అనిపిస్తోంది.

అక్క: ఆ దగ్గరిదారిలో ఏమవుతుందో చూడు. ‘దీని స్టైల్‌లో డిస్‌ప్లే నన్ అయితే బ్లాక్ చెయ్, లేకపోతే నన్ చెయ్’ అని నేర్చుకునేవాళ్లందరూ రాస్తారు. జవాబును మొదట దాచింది స్టైల్‌షీట్. కానీ ఎలిమెంట్ స్టైల్ గుణం స్టైల్‌షీట్‌లో ఉన్నదాన్ని చూపించదు, ఆ ట్యాగ్ మీదే రాసిందాన్నే చూపిస్తుంది. అడిగితే ఖాళీ మాట వస్తుంది. ఖాళీ అంటే నన్ కాదు కాబట్టి స్క్రిప్టు ‘లేకపోతే’ వైపు పోయి, మూసి ఉన్నదానికే మళ్లీ నన్ రాస్తుంది. తొలి క్లిక్కు వృథా. రెండోసారి నొక్కితే గాని జవాబు తెరుచుకోదు. పేజీ వాడేవాడు ‘నెట్ నెమ్మదిగా ఉంది’ అనుకుని ఊరుకుంటాడు. మనవాళ్లలో చాలామంది ఒక్కసారైనా రాసిన తప్పు ఇది. దీని మూలం ఒక్కటే: పెట్టె తెరిచి ఉందా మూసి ఉందా అన్న స్థితిని దాని రూపంలోంచి చదవబోవడం. రూపం నాలుగు చోట్ల నుంచి వస్తుంది, స్థితికి ఒకే చోటు ఉండాలి.

ఇక తెరిచేటప్పుడు. నువ్వు బ్లాక్ అని రాశావు. ఆ జవాబు పెట్టెను స్టైల్‌షీట్ ఫ్లెక్స్‌గా పెట్టి, లోపల బొమ్మా వచనం పక్కపక్కన అమర్చి ఉంటే? నీ ఒక్క మాటతో ఆ అమరిక చెదిరి బొమ్మ పైకి, వచనం కిందికి పోతాయి. జేక్వెరీ ‘షో’ అనేది దాచేముందు ఏ డిస్‌ప్లే ఉండేదో గుర్తుపెట్టుకుని అదే తిరిగి ఇచ్చేది. ఎందుకంత శ్రమ పడిందంటావు? చీకటి రంగుల థీమ్ సంగతీ అంతే. స్క్రిప్టు జవాబుకు తెల్ల నేపథ్యం నేరుగా రాసేస్తే, ఫోన్ రాత్రి రంగుల్లోకి మారినప్పుడు స్టైల్‌షీట్ అక్షరాల్ని లేత రంగు చేస్తుంది గాని, ట్యాగ్ మీదే రాసి ఉన్న ఆ తెలుపును ‘ఇంపార్టెంట్’ అని గట్టిగా పట్టుబడితే తప్ప కదపలేదు. తెలుపు మీద తెలుపు. చదవాల్సినవాడికి ఖాళీ పెట్టె మిగులుతుంది. ఎత్తు సంగతి మన లిపికి మరీ ముఖ్యం. నెమ్మదిగా తెరుచుకోవాలని, నొక్కిన క్షణంలో ఉన్న ఎత్తును పిక్సెళ్లలో కొలిచి ట్యాగ్ మీద రాసేస్తారు. ఆ తర్వాత తెలుగు ఫాంట్ దిగుతుంది, లేదా చదివేవాడు అక్షరాలు పెద్దవి చేసుకుంటాడు. పెట్టె మాత్రం పాత కొలతలోనే ఉంటుంది. చివరి వరుసలో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలకు కింది ఒత్తులు సగానికి తెగిపోతాయి.

నువ్వు మొదట అన్నావు చూడు, అంతా ఒకేచోట కనిపిస్తుందని. పేజీ మీద కుడి క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ తెరువు. స్టైల్‌షీట్ నుంచి వచ్చిన ప్రతి నియమం పక్కన ఏ ఫైలు, ఎన్నో వరుస అని రాసి ఉంటుంది. స్క్రిప్టు నేరుగా పూసిన రంగు ‘ఎలిమెంట్ స్టైల్’ కింద పడి ఉంటుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే వరుస నంబరు ఉండదు. రాసినవాడికి ఒకేచోట ఉన్నట్టే ఉంటుంది, వెతికేవాడికి మాత్రం ఊరూపేరూ దొరకదు.

తమ్ముడు: అయితే నీ వాదాన్ని చివరిదాకా లాగుతాను, అక్కా. రూపం స్టైల్‌షీట్‌దే అయితే స్క్రిప్టు మాత్రం ఎందుకు? పక్కనున్నదాన్ని పట్టే ప్లస్ గుర్తు 1998 మే నెలలో సీఎస్ఎస్ రెండో స్థాయితోనే వచ్చింది. కనిపించని చెక్‌బాక్స్ ఒకటి పెట్టి, టిక్ పడితే దాని తర్వాతి పెట్టెను చూపించమంటే స్క్రిప్టు ఒక్క అక్షరం లేకుండా పని జరుగుతుంది. ఎంతోమంది చేశారు. ఒక్క మాట కూడా అడుగుతాను. ఆ ప్లస్ కూడా పక్కతనమే కదా! నేను రాస్తే తప్పు, సీఎస్ఎస్ రాస్తే ఒప్పు ఎలా అవుతుంది?

అక్క: మంచి చోట పట్టుకున్నావు. ప్లస్ కూడా పక్కతనమే. దాంతో జవాబు తెరిస్తే నీ స్క్రిప్టుకున్న జబ్బే దానికీ ఉంటుంది, మధ్యలో తేదీ పడితే తెగుతుంది. నేను దాన్ని సమర్థించను. ప్లస్‌కి న్యాయమైన చోటు వేరే ఉంది: శీర్షిక వెంటనే వచ్చే పేరాకి పైన ఖాళీ తగ్గించడం, వరుసగా వచ్చిన రెండు పేరాల మధ్య ఎడం పెట్టడం. అక్కడ పక్కన ఉండటమే అసలు విషయం. పక్క మారితే రూపమూ మారాలి. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఉన్నది అలాంటి బంధం కాదు.

చెక్‌బాక్స్ కిటుకు తెలివైనదే, కానీ చెవితో పేజీ చదివేవాడికి అది అబద్ధం చెబుతుంది. స్క్రీన్ రీడర్ ‘చెక్‌బాక్స్, టిక్ లేదు’ అని పలుకుతుంది, అతను ఏదో ఫారం నింపుతున్నాననుకుంటాడు. అసలు చెప్పాల్సింది ‘ఇది బటన్, మూసి ఉంది’ అని. ఆ మాట చెప్పడానికి ‘ఏరియా ఎక్స్‌పాండెడ్’ అనే గుణం ఉంది. క్లిక్ అయినప్పుడు దాన్ని ‘ట్రూ’ అనో ‘ఫాల్స్’ అనో మార్చడం స్క్రిప్టు పని, అక్కడితో దాని పని సరి. స్టైల్‌షీట్ అదే గుణాన్ని చూసి జవాబును తెరవాలి. కంటికి చూపించేదీ చెవికి వినిపించేదీ ఒకే మాట నుంచి పుడితే, జవాబు కంటికి తెరిచి ఉండి చెవికి ‘మూసి ఉంది’ అని వినిపించే వీలే ఉండదు. నీ పద్ధతిలో డిస్‌ప్లేని ఒకచోట, ఏరియాను ఇంకోచోట మార్చాలి. తొందరలో వదిలేసేది ఎప్పుడూ రెండోదే.

తమ్ముడు: అన్నీ సీఎస్ఎస్ చేయగలిగితే మరి నక్షత్రాల రేటింగ్ సంగతేంటి? నాలుగో నక్షత్రం నొక్కితే వెనకున్న మూడూ వెలగాలి. సీఎస్ఎస్‌కి ముందుకే గాని వెనక్కి చూడటం రాదు. స్క్రిప్టు వెనక్కి నడిచి ఒక్కొక్కదానికీ రంగు వేయక తప్పలేదు.

అక్క: చాలాకాలం రాలేదు, నిజం. బ్రౌజర్ పేజీని పైనుంచి కిందికి చదువుకుంటూ గీస్తుంది. కింద వచ్చేదాన్ని బట్టి పైదాని రూపం మారొచ్చంటే గీసినదాన్ని మళ్లీ మళ్లీ చూసుకోవాలి. ఆ ఖర్చుకు భయపడే ఆ దారి తెరవలేదు. అందుకే కొందరు ఐదు నక్షత్రాల్నీ తలకిందుల వరుసలో రాసి, ఫ్లెక్స్‌తో తెర మీద తిరగేసేవాళ్లు. కంటికి ఒకటి నుంచి ఐదు, కీబోర్డు ట్యాబ్ కొడుతుంటే ఐదు నుంచి ఒకటి. ‘హ్యాజ్’ అనే సెలెక్టర్ వచ్చి ఆ అవస్థను తప్పించింది: సఫారీలో 2022 మార్చిలో, క్రోమ్‌లో అదే ఏడాది ఆగస్టులో, ఫైర్‌ఫాక్స్‌లో 2023 డిసెంబరులో. ‘తన తర్వాత టిక్ పడిన నక్షత్రం ఉన్న ప్రతి నక్షత్రం’ అని ఇప్పుడు ఒకే నియమం రాయొచ్చు. అంతకంటే పాత ఫోన్లకు కూడా మన పేజీ అందాలంటే పెద్ద పెట్టె మీద ‘నాలుగు’ అన్న ఒక్క విలువ రాయి, మిగతాది స్టైల్‌షీట్ చూసుకుంటుంది. ఇవాళ్టికీ అన్ని చోట్లా నడిచే మార్గం అదే.

తమ్ముడు: ఇక చివరి మాట. వేలితో లాగే స్లైడర్ ఉంది, నొక్కిన చోటే తెరుచుకోవాల్సిన మెనూ ఉంది. ఆ చోటు ఎక్కడో ముందుగా ఏ స్టైల్‌షీట్‌కీ తెలియదు. లెక్క వేయగలిగింది స్క్రిప్టే.

అక్క: అక్కడ స్క్రిప్టు చేయి పెట్టక తప్పదు, ఒప్పుకుంటాను. అయినా ఆ అంకెను సీఎస్ఎస్ సొంత చరరాశిగా పెద్ద పెట్టె మీద రాస్తే, దాన్ని ఎడమ కొలతగా వాడాలో వెడల్పుగా వాడాలో స్టైల్‌షీట్ నిర్ణయిస్తుంది. స్క్రిప్టు తనకు తెలిసిన అంకె చెప్పింది, రూపం జోలికి పోలేదు. ఇక నీ పది ప్రశ్నల దగ్గరికొస్తే, ప్రమాణం రాసినవాళ్లే ఈ తగువును ఎలా తీర్చారో చూడు. ‘డీటెయిల్స్’ ట్యాగ్ లోపల ‘సమ్మరీ’ పెట్టి, మిగతాదంతా జవాబుగా వదిలేస్తే నొక్కగానే తెరుచుకుంటుంది, కీబోర్డుతో నడుస్తుంది, స్క్రీన్ రీడర్‌కి స్థితి చెబుతుంది. తెరిచి ఉన్నదనే గుర్తు, ‘ఓపెన్’, ఎక్కడ పడుతుంది? సమ్మరీ మీదా కాదు, జవాబు మీదా కాదు. ఇద్దరికీ అమ్మైన డీటెయిల్స్ మీద. మధ్యలో ఎన్ని పేరాలు చేర్చినా అవీ జవాబుతో పాటే తెరుచుకుంటాయి. ఒకటి తెరిస్తే మిగతావి మూసుకోవాలంటే అన్నిటికీ ఒకే ‘నేమ్’ పెడితే చాలు. 2023 డిసెంబరులో క్రోమ్, సఫారీ, 2024 సెప్టెంబరులో ఫైర్‌ఫాక్స్ దాన్ని అమలు చేశాయి. నువ్వు మొదట చెప్పిన జేక్వెరీ గొలుసు పనంతా అందులో ఉంది.

తమ్ముడు ఇక్కడితో పూర్తిగా ఒప్పుకున్నాడని నేను రాయను. చిన్న పేజీకి ఒక్క వాక్యం చాలన్న అతని మాటను చిన్న పేజీలు ఇంకా చాలాకాలం నిలబెడతాయి. చదువరిని ఒకటి కోరుతున్నాను. మీరు రాసిన పేజీ ఒకటి తెరవండి. నొక్కితే తెరుచుకునే ప్రశ్న ఒకటి ఎంచుకుని, దానికీ దాని జవాబుకీ మధ్య ఒక ఖాళీ పేరా పెట్టి సేవ్ చేయండి. పేజీని క్రోమ్‌లో ఇంకో భాషలోకి మార్చి, ఆ ప్రశ్న మాటల మీదే ఒక్కసారి నొక్కండి. జవాబు తెరుచుకోకపోతే ఆ పేజీని ఈ వారమే సరిచేయండి.